అప్‌డేట్: నాలుగు డెగూలూ ఒకే గూట్లో పడుకున్నాయి!

నా పాత ఆడ డెగూల (ఎలుకల్లాంటి చిన్న పెంపుడు జంతువుల) జంట దగ్గరికి ఇంకో రెండు ఆడ డెగూ పిల్లల్ని తెచ్చి, తొందరపడి ఒకే బోనులో వదిలితే కొట్టుకున్నాయని, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టే విడదీసి, బోను మధ్యలో జాలీ బిగించాను. ఒకటి కాదు, రెండు, మధ్యలో కాస్త సందుతో. ఒక్క జాలీయే ఉంటే అందులోంచి ఒకదాని కాలివేళ్లు ఒకటి కొరికేసుకుంటాయని హెచ్చరించినవారికి దణ్ణం.

అన్నిటికంటే బాగా పనిచేసింది అవి పొర్లాడే ఇసుక గిన్నె. రోజూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. మొదట్లో కొత్త వాసన తగలగానే పెద్దది తోక ఆడిస్తూ పళ్లు పటపటలాడించేది. మూడో వారానికి జాలీకి చెరోపక్క ఆనుకుని పడుకోసాగాయి.

అప్పుడు, ఏ జంటకీ అలవాటు లేని ఖాళీ గదిలో కలిపాను. మీదెక్కడాలు, వెనక కాళ్లమీద లేచి తోసుకోవడాలు అన్నీ అయ్యాయి. ఎవరు పెద్దో తేల్చుకోవాలి కదా, రక్తం రానంతవరకు నేను కల్పించుకోలేదు. విడదీయాల్సొస్తే వాడదామని మందపాటి తువ్వాలు చేతిలోనే ఉంచుకున్నా. తోక మాత్రం పొరపాటున కూడా పట్టుకోకండి, చర్మం ఊడొచ్చేస్తుంది.

నిన్న రాత్రి చూస్తే నాలుగూ ఒక్క కుప్ప! పెద్దది కళ్లు మూసుకుని, చిన్నదాని చెవి వెనక మెల్లగా సవరిస్తోంది. ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో నాకే తెలీదు.