సాంస్కృతిక సాయంత్రంలో డార్క్ మూర్ భాగం: ఎవరెవరు ఏం చేయగలరో ఇక్కడ చెప్పండి

కార్యక్రమ సమన్వయం:
అందరికీ నమస్కారం. ఈసారి సాయంత్రంలో ‘మనం ఉంటున్న ఊరి సంగీతం’ అని ఒక భాగం పెట్టుకుందామని మొన్నటి మీటింగ్‌లో అనుకున్నాం కదా. ఫ్లమెంకో గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. అందుకే మాడ్రిడ్‌లోనే పుట్టిన సింఫోనిక్ పవర్ మెటల్ (ఆర్కెస్ట్రా హంగుతో వేగంగా సాగే రాక్) బ్యాండ్ డార్క్ మూర్‌ను తీసుకుందామని నా ప్రతిపాదన. ఇరవై నిమిషాలు చాలు. మాటలు తక్కువ, పాట ముక్కలు ఎక్కువ.

ఎందుకు ఈ బ్యాండే అంటే, మన పిల్లలు ఇక్కడి బడిలో చదువుకునే చరిత్ర, సాహిత్యం వాళ్ళ పాటల్లో నిండా ఉన్నాయి. ఎల్ ఎస్కోరియల్ రాజమఠం కట్టించిన రాజు రెండో ఫిలిప్ మీద 2003 ఆల్బమ్‌లో ఒక పాట ఉంది. 2010లో వచ్చిన ‘ఏన్షెస్ట్రల్ రొమాన్స్’ అయితే దాదాపు మొత్తం స్పెయిన్ గురించే. వీరుడు సిద్ మీద, గాలిమరలతో తలపడిన దోన్ కిహోతె మీద, కాదిజ్ పట్టణం పాతపేరు గాదిర్ మీద పాటలున్నాయి. కాదిజ్‌లోనే పుట్టిన స్వరకర్త మాన్యుయెల్ దె ఫయా ‘అగ్ని నృత్యం’ కూడా మెటల్ రూపంలో ఉంది. కవి ఎస్ప్రొన్సేదా 1835లో రాసిన ‘సముద్రపు దొంగ (పిరాతా) పాట’ను స్పానిష్‌లోనే పాడారు. ఇక్కడ బడికెళ్ళిన ఏ పిల్లాడినడిగినా ఆ పద్యం మొదటి పాదాలు ఠక్కున అప్పజెప్తాడు. అటూ ఇటూ పదేసి ఫిరంగులతో నిండు తెరచాపల మీద దూసుకెళ్ళే ఓడ అది. దాన్ని గిటార్ల మీద వింటే పిల్లలు తప్పకుండా గుర్తుపడతారు. నా ఉద్దేశంలో మొదలు దీనితోనే పెట్టాలి, సంవత్సరాల వరసతో కాదు.

స్టేజి, సౌండ్:
బాగుంది అన్నా. కానీ ముందు వరసల్లో అమ్మమ్మలు, తాతయ్యలు కూర్చుంటారు. డబుల్ బేస్ డ్రమ్ మొదలైతే లేచి వెళ్ళిపోతారేమోనని నాకు టెన్షన్. పిల్లలకి నచ్చితే చాలదు కదా.

కథనం రాసేవారు:
దానికి దారి ఉంది. 2003లోనే ‘బిట్వీన్ లైట్ అండ్ డార్క్‌నెస్’ అని ఒక చిన్న రికార్డు వచ్చింది. అందులో కొన్ని పాత పాటల్ని అకూస్టిక్‌గా, ఆర్కెస్ట్రాతో మళ్ళీ చేశారు. ఆ ముక్కల్లో అంత హోరు ఉండదు. పిరాతా పాట తర్వాత దీన్ని వినిపిస్తే పెద్దవాళ్ళకి గాయని గొంతు స్పష్టంగా వినబడుతుంది.

ఆ గాయని ఎలీసా మార్టిన్ గురించి చెప్పకుండా ఈ బ్యాండ్ కథ చెప్పలేం. 1993లో ఎన్రిక్ గార్సియా గిటార్‌తో మొదలైన బ్యాండ్ ఇది. మొదటి ఆల్బమ్ ‘షాడోలాండ్’ 1999లో వచ్చింది. 2000లో ‘ది హాల్ ఆఫ్ ది ఓల్డెన్ డ్రీమ్స్’, 2002లో ‘ది గేట్స్ ఆఫ్ అబ్లివియన్’ తీశారు. ఈ మూడూ ఆమెవే. చాలామంది ఆడ గొంతుల్లా ఒపెరా పద్ధతిలో కాకుండా, గట్టిగా, కొంచెం గరగరగా పాడుతుంది. ‘గేట్స్’లో మొజార్ట్ రెక్వియమ్‌ను అల్లుకున్న ‘డియెస్ ఇరే’ ఒక్కటి వింటే ఆ బలం తెలిసిపోతుంది. సరిగ్గా పేరొచ్చిన వేళ ఆమె, ఒక గిటారిస్టు, డ్రమ్మరు బయటికెళ్ళి డ్రీమేకర్ అనే బ్యాండ్ పెట్టుకున్నారు. ఫ్రెంచి బ్యాండ్ ఫెయిరీల్యాండ్ మొదటి ఆల్బమ్‌లో కూడా ఆమే పాడింది.

మామూలుగా అయితే బ్యాండ్ అక్కడితో ఆగిపోవాలి. ఎన్రిక్ ఆగలేదు. గాయకుడు ఆల్ఫ్రెడ్ రొమేరోను తెచ్చుకుని అదే 2003లో బ్యాండ్ పేరుతోనే ఆల్బమ్ తీశాడు. ఆల్ఫ్రెడ్ గొంతు మెత్తన, కింది స్థాయిలో నిలుస్తుంది. పాత అభిమానుల్లో కొందరు ఇప్పటికీ ఎలీసా కాలమే గొప్పదంటారు. నాకైతే ఆల్ఫ్రెడ్ వచ్చాకే పాటలకి ఊపిరి తీసుకునే చోటు దొరికిందనిపిస్తుంది. రెండిటినీ పక్కపక్కన వినిపించి తీర్పు సభకే వదిలేద్దాం.

పిల్లల విభాగం:
అక్కా, వాళ్ళ ‘బియాండ్ ది సీ’ 2005ది కదా? దాంట్లో వివాల్డీ ‘శీతాకాలం’ ఉంది. కన్సర్వేటరీలో వయొలిన్ నేర్చుకుంటున్న మన పిల్లలిద్దరు ఆ మొదటి భాగం వాయించగలరు. వాళ్ళు చలికి వణికినట్టు తెగి తెగి వచ్చే ఆ మొదటి స్వరాలు వాయించి ఆపుతారు. వెంటనే బ్యాండ్ రికార్డింగ్ అందుకుంటే వయొలిన్ పరుగు గిటార్ మీదికి ఎలా వచ్చిందో సభకి విడమర్చి చెప్పక్కర్లేదు.

కథనం రాసేవారు:
అద్భుతంగా ఉంటుంది. అయితే బీథోవెన్ కూడా వద్దు, చైకోవ్‌స్కీ కూడా వద్దు. ‘టారో’ (2007)లో బీథోవెన్‌ను అల్లుకున్న ‘ది మూన్’ 11 నిమిషాలు దాటుతుంది, మనకి అంత టైమ్ లేదు. ‘ఆటమ్నల్’ (2009)లోని చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ను పేరు చెప్పి వదిలేస్తాను. 2013 ‘ఆర్స్ మ్యూజికా’లో ఆల్బెనిజ్ ‘అస్తూరియాస్’ ముక్క మాత్రం ఉంచుదాం. స్పెయిన్ స్వరకర్త, పైగా పియానో కోసం రాసింది గిటార్ మీదే లోకానికి తెలిసింది. ఆ తర్వాత 2015 ‘ప్రాజెక్ట్ ఎక్స్’లో మెటల్ బరువు తగ్గించారు. 2018 ‘ఆరిజిన్స్’లో కెల్టిక్ వైపు మళ్ళారు. ఈ రెండూ ఒక వాక్యంలో సరిపోతాయి.

స్టేజి, సౌండ్:
సరే, ఒప్పుకున్నాను. ఆల్బమ్ ముక్కలన్నీ ఒకే వాల్యూమ్‌కి సర్దిన ఫైల్ నాకు ముందురోజే కావాలి. హాల్లో పెట్టాక సర్దడం కుదరదు. రికార్డు పాటలు బహిరంగంగా వేస్తున్నాం కాబట్టి ఎస్‌జీఏఈ (స్పెయిన్‌లో రచయితలు, స్వరకర్తల హక్కుల రుసుము వసూలు చేసే సంఘం) రుసుము సంగతి తేల్చుకోవాలి. హాలు అద్దెలో కలిసి ఉందా, మనమే విడిగా కట్టాలా అన్నది హాలువాళ్ళని ఎవరైనా అడగండి.

కార్యక్రమ సమన్వయం:
హాలువాళ్ళతో నేను మాట్లాడతాను. ఇంకా ఇద్దరు కావాలి. పిరాతా పద్యానికి తెలుగు అర్థం తెర మీద వేయడానికి స్పానిష్ బాగా వచ్చినవాళ్ళొకరు, రిహార్సల్‌కి పిల్లల్ని తీసుకొచ్చి దింపడానికి కారున్నవాళ్ళొకరు. శుక్రవారంలోగా కింద పేరు రాయండి.