అప్‌గ్రేడ్ అన్నారు, ఇంట్లో ఉన్న సిగ్నల్ కూడా పోయింది. ఆగాలా, పోర్ట్ అవ్వాలా?

ఏటిగట్టు_కుర్రోడు

మాది సఖినేటిపల్లి మండలంలో గోదారి గట్టుకి దగ్గర్లో ఉన్న ఊరండి. నేను ఉద్యోగం మీద హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మానాన్న ఊళ్ళోనే. మా కంపెనీ (పేరు వద్దులెండి, చెప్తే థ్రెడ్ అంతా ఏ కంపెనీ గొప్పో అన్న గొడవతోనే నిండిపోతుంది) మీ ఏరియాలో టవర్లు అప్‌గ్రేడ్ చేస్తున్నాం, 5జీ వస్తోంది అని మెసేజ్ పెట్టింది. అప్పట్నుంచీ మొదలైంది తంటా. ఏరు దాటించే పంటు రేవు దగ్గర నిలబడితే 5జీ పడుతుంది, నాకు హైదరాబాద్‌లో కూడా అంత స్పీడు రాదు. అక్కణ్ణుంచి కొబ్బరితోటల్లోకి దిగి ఇంటికొచ్చేసరికి గీతలు మూడు ఉంటాయి గానీ వాట్సాప్‌లో ఒక్క ఫోటో వెళ్ళదు. పోనీ గట్టెక్కుదామా అంటే ఒక్కోసారి అక్కడ నిండా సిగ్నల్, డేటా మాత్రం సున్నా. తెల్లవారుజామున అన్నీ బాగానే ఉంటాయి, సీరియళ్ళ టైముకి చచ్చిపోతుంది.

డేటా సంగతి ఎలాగోలా సర్దుకుంటాం. అసలు టెన్షన్ కాల్స్‌తోనే. అమ్మకి ఫోన్ చేస్తే పరిధిలో లేరంటుంది, ఆవిడేమో వంటింట్లోనే ఉంటుంది. కలిసినా మధ్యలో మాట పోతుంది. బ్యాంకు ఓటీపీ టైము అయిపోయాక వస్తుంది. కస్టమర్ కేర్‌కి చేస్తే ఫోన్ ఆపి ఆన్ చేయండి అంటారు, ఎన్నిసార్లు చేసినా అదే పాట.

అప్‌గ్రేడ్ అప్పుడు ఇలా అవడం మామూలేనా? ఆగితే బాగవుతుందా, ఆగకుండా మారిపోవాలా?

డ్రైవ్‌టెస్ట్_బాబాయ్

కారులో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఊరూరా సిగ్నల్ కొలిచే పని చేశాను కాబట్టి చెప్తున్నా. మామూలే, కానీ ఇందులో దానంతటది సర్దుకునేవి కొన్ని, వెంటపడితే గానీ బాగవ్వనివి కొన్ని. మీరు రాసినదాంట్లో రెండూ కలిసిపోయి ఉన్నాయి.

ముందు రేవు సంగతి. టవర్ అంటే ఒకటే అనుకుంటాం గానీ, మామూలుగా దాని మీద మూడు సెక్టార్లు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో దిక్కుకి. పని అన్నిటికీ ఒకేరోజు అవ్వదు. రేవు వైపు సెక్టార్‌కి కొత్త రేడియో పెట్టి, మీ తోట వైపుది ఇంకా పాతదే ఉండొచ్చు. పైగా మన దగ్గర 5జీకి ఎక్కువగా వాడేది 3300 మెగాహెర్ట్జ్. స్పీడు బ్రహ్మాండంగా ఉంటుంది గానీ దూరం పోదు, గోడలన్నా చెట్లన్నా దానికి పడదు, వానకి తడిసిన కొబ్బరాకులైతే మరీను. 700, 850, 900 లాంటి తక్కువ బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీలు) దూరం వెళ్తాయి, ఇంట్లోకీ దూరతాయి, కానీ వాటిలో ఉన్న స్పెక్ట్రమ్ (రోడ్డు వెడల్పు అనుకోండి) తక్కువ, ఊరంతా దాని మీదే పడితే నత్తనడకే.

ఇక గట్టు మీద నిండా సిగ్నల్ ఉండి డేటా రాకపోవడం. ఇది గోదారి పక్క ఊళ్ళన్నిటికీ ఉన్న జబ్బు. నీళ్ళ మీద అడ్డేమీ ఉండదు కదా, ఆవలి గట్టు నరసాపురం వైపు టవర్ కూడా మీకు గట్టిగా వినపడుతుంది. మీ ఫోన్ దాన్నే పట్టుకుని వేళ్ళాడుతుంది, లేదా నాలుగు టవర్లు ఒకే బలంతో వినపడి దేన్నీ సరిగ్గా అందుకోలేదు. గీతలు చూపించేది బలమే, అందులో ఎంత గోల కలిసిందో, అదే టవర్ మీద ఎంతమంది ఉన్నారో అవి చెప్పవు. అందుకే గీతలు చూసి ఏదీ తేల్చకండి. ఆ 5జీ గుర్తునీ నమ్మకండి. కొన్ని నెట్‌వర్క్‌లలో 5జీ ఇంకా 4జీ మీద ఆధారపడే నడుస్తుంది, అక్కడ ఫోన్ పట్టుకున్న 4జీ సెల్‌కి (సెల్ అంటే ఒక సెక్టార్ ఇచ్చే సిగ్నల్) 5జీ జోడించే వీలుంటే చాలు, డేటా 4జీలోనే నడుస్తున్నా పైన ఆ గుర్తు వేసేస్తుంది.

తెల్లవారుజామున బాగుండి సాయంత్రం చావడం అంటే అది కవరేజీ కాదు, కెపాసిటీ. టవర్ దాకా ఫైబర్ వచ్చిందా, లేక ఇంకా మైక్రోవేవ్ డిష్ (గాల్లో పంపే లింకు) మీదే నడుస్తోందా అన్నది ముఖ్యం. పైన ఎంత కొత్త రేడియో పెట్టినా వెనక లింకు సన్నగా ఉంటే పెద్ద బిందెకి సన్నటి గొట్టం పెట్టినట్టే. ఫైబర్ వచ్చేదాకా అది అంతే, దానికి మీరు చేయగలిగింది లేదు.

వెంటపడాల్సినది ఇంట్లో సిగ్నల్. రేడియోలు మార్చేటప్పుడు యాంటెన్నా వంపు తేడా కొట్టడం, ఒక సెక్టార్ కేబుల్ ఇంకో సెక్టార్‌కి తగిలించేయడం, కొత్త సెల్‌ని పక్క సెల్ జాబితాలో చేర్చడం మర్చిపోవడం, ఇవన్నీ జరిగేవే. జాబితాలో లేకపోతే ఫోన్ ఒక సెల్ నుంచి ఇంకోదానికి మారలేక నడుస్తూ నడుస్తూ మాట తెగుతుంది. ఎవరూ కంప్లయింట్ ఇవ్వకపోతే ఆఫీసులో అంతా పచ్చగానే కనపడుతుంది.

ఆండ్రాయిడ్ అయితే కాల్ చేసే చోట *#*#4636#*#* కొట్టండి (కొన్ని ఫోన్లలో తెరుచుకోదు, అప్పుడు నెట్‌మాన్‌స్టర్ యాప్ వేసుకోండి). ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 90 లోపల ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే ఇంట్లో కష్టం, 120 అయితే ఇక ఊడిపోవడమే. వంటింట్లో ఒకసారి, వాకిట్లో ఒకసారి చూసి ఇక్కడ పెట్టండి, ఏ బ్యాండో కూడా రాయండి.

గోదావరిఖని_అక్క

తమ్ముడూ, అమ్మగారి ఫోన్ ఏది? మా అత్తయ్యకి అచ్చం ఇలాగే అయింది, మేము టవర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాం, తీరా చూస్తే ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ నడిచే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంది. అది ఆఫ్‌లో ఉంటే కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ 2జీకి దిగాలి, దిగే లోపల కాల్ పోతుంది. పాత సిమ్ అయితే అదీ మార్పించండి. ఇంకోటి, పాత 4జీ ఫోన్లలో అన్ని బ్యాండ్లూ ఉండవు, కంపెనీ కొత్తగా వేసిన బ్యాండ్ మీ అమ్మగారి ఫోన్‌కి అసలు కనపడకపోవచ్చు.

యూట్యూబ్‌లో చెప్తారు చూడండి, 4636లోకి వెళ్ళి ఎల్‌టీఈ ఓన్లీ (4జీ మాత్రమే) పెట్టేయండి అని, పెద్దవాళ్ళ ఫోన్‌లో ఆ పని మాత్రం చేయకండి. వోల్టీ లేకపోతే కాల్సే రావు.

ఇంట్లో కేబుల్ వాళ్ళ ఫైబర్ ఏదైనా ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి. మా ఇంట్లో గొడవ దాంతోనే తీరింది, టవర్ ఎటుపోతే మాకేంటి.

ఆరు_రూపాయల_పోర్ట్

బాబాయ్ చెప్పింది బాగానే ఉంది గానీ, ఓపిక పట్టండి అన్న మాట నాకు నచ్చదు. రీఛార్జ్ డబ్బులు మాత్రం అప్‌గ్రేడ్ పేరుతో ఆపట్లేదు కదా.

ఫోన్‌లో తిట్టి పెట్టేస్తే లాభం లేదండి. కంప్లయింట్ల నంబర్ 198కి చేసి డాకెట్ నంబర్ (మీ కంప్లయింట్ నంబర్) తీసుకోండి. ఇంట్లో కవరేజ్ పోయింది, ఫలానా నెల ముందు ఉండేది అని రాయించండి, ఊరికే స్లో అనొద్దు. వాళ్ళు తేల్చకపోతే కంపెనీలోనే అప్పిలేట్ అథారిటీ (అప్పీలు వినే అధికారి) ఉంటుంది, దానికి ఫీజు లేదు. ట్రాయ్‌కి (టెలికాం నియంత్రణ సంస్థ) రాద్దాం అంటారు చాలామంది, ట్రాయ్ విడివిడి కంప్లయింట్లు తీసుకోదు. 2024లో ట్రాయ్ తెచ్చిన క్వాలిటీ నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజ్ మ్యాప్ తమ సైట్‌లో పెట్టాలి. మీ ఊరు అందులో ఆకుపచ్చగా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి కంప్లయింట్‌కి జతచేయండి, దానికి వాళ్ళ దగ్గర జవాబుండదు.

పోర్ట్ అవ్వాలనుకుంటే ముందు పక్కింటివాళ్ళ వేరే కంపెనీ ఫోన్ మీ వంటింట్లోకి తెచ్చి చూడండి, రేవు దగ్గర కాదు. అక్క చెప్పినట్టు సిమ్ మార్పిస్తే మాత్రం ఏడు రోజుల దాకా పోర్ట్ కోడ్ ఇవ్వరు, 2024 జూలై నుంచి ఆ రూల్ ఉంది. కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి.

ఏటిగట్టు_కుర్రోడు

అందరికీ థాంక్స్ అండి. తమ్ముడి చేత చూపించాను. అమ్మ ఫోన్‌లో వోల్టీ ఆన్‌లోనే ఉంది అక్కా, సిమ్ కూడా కొత్తదే. వంటింట్లో మైనస్ 116, వాకిట్లో 108, రెండుచోట్లా 2300 బ్యాండే. తమాషా ఏంటంటే టవర్ చుట్టూ తిరిగితే రేవు వైపు ఉండాల్సిన సెల్ నంబర్ తోట వైపు పడుతోందట, తోట వైపుది రేవు దగ్గర.

డ్రైవ్‌టెస్ట్_బాబాయ్

తిరగేసి తగిలించారు, నాకు ముందే అనుమానం! ఇదే మాట కంప్లయింట్‌లో రాయండి, సెక్టార్ కేబుళ్ళు తారుమారు అయ్యాయి, ఫీల్డ్ టీమ్‌తో చెక్ చేయించండి అని, రెండు సెల్ నంబర్లూ వేసి. ఫీల్డ్‌వాళ్ళు టవరెక్కితే గట్టిగా ఒక పూట పని. కాకపోతే 2300 ఒక్కటే పడుతోందంటే మీ వైపు తక్కువ బ్యాండ్ ఆపేసి ఉంచారేమో, అదీ అడగండి. కేబుల్ సరిచేసినా అది లేకపోతే వంటింట్లోకి పూర్తిగా రాదు. ఈలోపు అమ్మగారి ఫోన్ వాకిలి వైపు కిటికీలో పెట్టి బ్లూటూత్ స్పీకర్ ఏదైనా కలపండి.

ఏటిగట్టు_కుర్రోడు

కంప్లయింట్ పెట్టాం, డాకెట్ వచ్చింది. పక్కింటి పెద్దనాన్న గారి వేరే కంపెనీ ఫోన్ కూడా చూశాం, వంటింట్లో 118. పోర్ట్ ఆలోచన ప్రస్తుతానికి మానేశాను, కేబుల్ ఆయన్ని ఫైబర్ కనెక్షన్‌కి రేటు అడుగుతున్నాను.