అప్‌డేట్: చేపల ట్యాంకు దారిలో పడింది

ఆరు వారాల కిందట అడిగాను కదా, కొత్త ట్యాంకులో నీళ్లు పాలలా తెల్లబడి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని. మీరన్నట్టే టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం) 2 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో రెండు భాగాలు ఉంది! తప్పు నాదే. ఫిల్టర్ స్పాంజిని వారం వారం కుళాయి కింద రుద్ది కడిగేదాన్ని. అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి చచ్చిపోయేది. ఇప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ఊరికే పిండుతున్నాను. మొదట్లో రోజూ పావు వంతు నీళ్లు మార్చాను, క్లోరిన్ పోగొట్టే మందు కలిపి. మేత రోజుకొకసారే (మా పిల్లాడికి ఇదే కష్టంగా ఉంది). మధ్యలో నైట్రైట్ (అమ్మోనియా నుంచి తయారయ్యేది, అదీ చేపలకు విషమే) పెరిగి మళ్లీ టెన్షన్ పెట్టింది. నిన్న చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, నైట్రేట్ (నైట్రైట్ నుంచి వచ్చేది, అంత హాని చేయదు) 20 పీపీఎం. రెండు గప్పీ చేపలు పోయాయి, మిగిలిన నాలుగూ హుషారుగా ఉన్నాయి. కొత్త చేపల్ని మాత్రం ఇప్పట్లో తేను.