ఐస్ ఫిషింగ్‌కి సెకండ్‌హ్యాండ్ ఏటీవీ కొనాలి: రాంచరా, స్పోర్ట్స్‌మనా?

బెండు_మునిగింది (ప్లిమత్, మిన్నెసోటా):

అందరికీ నమస్కారం. మిన్నెసోటా వచ్చి ఏడేళ్లయింది. మొదటి ఆరు చలికాలాలు కిటికీలోంచి చూస్తూ, "గడ్డకట్టిన చెరువు మీద బకెట్ బోర్లించుకుని కూర్చోవడమేంటి, వీళ్లకేమైనా పిచ్చా" అని నవ్వుకుంటూ గడిపేశాను. పోయిన జనవరిలో ఆఫీసులో ఒకాయన వదలకుండా మెడిసిన్ లేక్‌కి లాక్కెళ్లాడు. ఐసులో ఎనిమిది అంగుళాల బెజ్జం, అందులో చిటికెన వేలంత బెండు. అది ఒక్కసారి పక్కకి ఒరిగి లోపలికి పోయింది. చిన్నప్పుడు భీమవరం పక్కన మా ఊరి పంటకాలువ గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నప్పుడు గుండె ఎలా కొట్టుకునేదో, అచ్చం అలాగే కొట్టుకుంది. పైకి వచ్చింది అరచెయ్యంత క్రాపీ చేప. అంతే, నా పని అయిపోయింది.

ఊళ్లో చెరువులకి నడిచి వెళ్లిపోవచ్చు. కానీ ఇప్పుడు మనసు మిల్ లాక్స్ మీద పడింది. 1,32,000 ఎకరాల చెరువు, వాలై చేపకి పేరు. ఫిబ్రవరిలో ఒకసారి వెళ్లాం. టెంటు, ఐసుకి బెజ్జం కొట్టే ఆగర్, హీటరు, చేపల జాడ చూపించే సోనార్, ఎరకి వాడే చిన్న చేపల బకెట్టు అన్నీ స్లెడ్డులో వేసి అర మైలు నేనే లాగాను. మర్నాడు సాక్సు వేసుకోవడానికి మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది.

అందుకని సెకండ్‌హ్యాండ్ ఏటీవీ (మంచూ గతుకుల మీద తిరిగే నాలుగు చక్రాల బండి) చూస్తున్నా. ట్రైలర్ కాకుండా 4,500 డాలర్లు అనుకున్నా, గట్టిగా లాగితే 5,000. మూడు కనిపించాయి. ఒకటి హోండా రాంచర్ 420, 2012 మోడల్, కాలితో గేర్లు, ముందు మంచు తోసే బ్లేడుంది, 4,200 అంటున్నాడు. రెండోది పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570, 2015ది, వించ్ (ఇరుక్కుంటే తాడుతో లాక్కునే మోటారు), హీటెడ్ గ్రిప్స్ (చేతులు వెచ్చబరిచే హ్యాండిల్ పిడులు) ఉన్నాయి, 5,100. మూడోది బాగా పాత ఆర్కిటిక్ క్యాట్ 400, కార్బొరేటర్ బండి, 1,800. "రెండేళ్ల కింద ఆపినప్పుడు బానే నడిచింది" అన్నాడు.

ఊళ్లో ఉన్నప్పుడు మా నాన్న స్ప్లెండర్ తప్ప వేరే ఇంజిన్ ముట్టుకోలేదు. ఏది చూడాలి, ఎలా చూడాలి? ఇంకో మాట, మా తొమ్మిదేళ్ల వాడు వెనక కూర్చుంటానని ఇప్పటికే హెల్మెట్ రంగు కూడా ఎంచుకున్నాడు.

కొర్రమీను (సెయింట్ పాల్):

హోండా బ్రదర్. కళ్లు మూసుకుని తీసుకో. నాది పాత రాంచర్, పదిహేనేళ్లు దాటింది, ఆయిల్ మార్చడం తప్ప ఏమీ చేయలేదు.

పులుసు_స్పెషలిస్ట్ (ఈడెన్ ప్రెయిరీ):

తమ్ముడూ, అడగని సలహా ఇస్తున్నా, తిట్టుకోకు. ఒక్క సీజన్ ఆగకూడదా? మా ఆయన కూడా ఇలాగే మొదలుపెట్టారు. బండి, దానికో ట్రైలర్, ట్రైలర్‌ని కారుకి తగిలించే హిచ్, మళ్లీ ఇన్సూరెన్స్. ఇప్పుడు గరాజ్‌లో ఏటీవీ వెచ్చగా పడుకుంటుంది, నా కారు బయట మంచులో నిలబడుతుంది.

మిల్ లాక్స్‌లో రిసార్టుల వాళ్లు ఐసు మీద రోడ్లు తీస్తారు. ఐసు బాగా మందం కట్టాక డబ్బు కట్టి కార్లోనే లోపలికి పోవచ్చు. లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో అయితే ట్రాకుల బండి ఎక్కించుకుని హీటరున్న ఇంటి ముందే దింపుతారు. ఏడాదికి మూడు నాలుగు సార్లు వెళ్లేవాళ్లకి అదే చవక.

ఇంకోటి, 2023 డిసెంబర్ 29న అప్పర్ రెడ్ లేక్‌లో ఐసు ముక్క గట్టు నుంచి విడిపోయి వందమందికి పైగా దాని మీద చిక్కుకుపోయారు. అందరినీ క్షేమంగా తెచ్చారు, నిజమే. కానీ బండి ఉంటే ఇంకాస్త దూరం, ఇంకాస్త దూరం అనిపిస్తుంది చూడు, నా భయం దాని గురించే.

సరే, కొనడం ఎలాగూ కొంటావు. వాలై పడితే నాకు మెసేజ్ పెట్టు. నార్తర్న్ పైక్ పడితే మాత్రం ముళ్లు తీయడం నేర్చుకున్నాకే పులుసు పెట్టు, దాంట్లో వై ఆకారం ముళ్లు ఇంకో వరస ఉంటాయి. మా అత్తగారికి ఒకసారి గొంతులో దిగింది, ఆ కథ వేరే.

పాత_రెంచి (బెమిజీ):

ఆలస్యంగా చూశాను, పొడుగ్గా రాస్తున్నా. మాది కరీంనగర్ దగ్గర. ఇక్కడ పన్నెండో చలికాలం, ఇప్పుడు తోలేది నా మూడో బండి.

మొదటి బండి చవగ్గా దొరికిందని కొన్నా. బటన్‌తో తప్ప స్టార్ట్ కాదు, లాగడానికి తాడు లేదు. ఒక సాయంత్రం గట్టుకి రెండున్నర మైళ్ల దూరంలో ఉన్నాను, మైనస్ 22 ఫారన్‌హీట్. పొద్దున్నించీ హీటెడ్ గ్రిప్స్, లైట్లు వేసుకుని ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి అటూ ఇటూ బెజ్జాలు కొట్టుకుంటూ తిరిగాను. సామాను సర్ది బటన్ నొక్కితే టిక్. మళ్లీ నొక్కితే టిక్. బ్యాటరీ ఎప్పుడో ఖాళీ. నడిచాను. సగం దూరానికి కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి, గ్లోవ్ తీసి వేళ్లతో విడదీసుకుంటూ నడిచాను. అప్పట్నుంచి ఏ బండి చూడ్డానికి వెళ్లినా ముందు తాడు ఉందా అని చూస్తా. పేరు తర్వాత చదువుతా. తాడు లేకపోతే జంప్ ప్యాక్ (బ్యాటరీ చచ్చినా స్టార్ట్ చేయించే చిన్న బ్యాటరీ) ఒకటి కొని కోటు లోపలి జేబులో పెట్టుకో. బండి డబ్బాలో పెడితే అదీ చలికి చస్తుంది.

ఇక నీ మూడు బండ్లు. "ఆపినప్పుడు నడిచింది" అంటే ఇప్పుడు నడవట్లేదని అర్థం. రెండేళ్లు నిలవున్న పెట్రోల్ కార్బొరేటర్ జెట్లలో జిగురులా పట్టేస్తుంది. విప్పి కడగడం వచ్చినవాడికి 1,800 మంచి బేరమే, నీకు కాదు. చలిలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది చూసుకో, సగం టెన్షన్ తగ్గుతుంది.

స్పోర్ట్స్‌మన్ మంచి బండి. వెనక చక్రాలు వేటికవే కదులుతాయి కాబట్టి గడ్డకట్టిన గతుకుల మీద నడుముకి సుఖం. పొలారిస్ 1954లో ఇక్కడే రోజోలో పుట్టింది, ఏ ఊళ్లో అడిగినా రిపేరు తెలిసినవాడు ఒకడుంటాడు. కాకపోతే అది బెల్టు మీద నడిచే బండి. బెల్టు కవర్లోకి నీళ్లో మంచో పోతే ఆరేదాకా జారుతుంది. బెల్టు ఎప్పుడు మార్చారో అడుగు. నడిపాక కవర్ దగ్గర మాడిన రబ్బరు వాసన వస్తే ఆ బండి 5,100 చేయదు.

రాంచర్‌లో బెల్టు లేదు, అన్నీ గేర్లే. సుమారు 600 పౌండ్లు, ఐసు మీద స్పోర్ట్స్‌మన్ కన్నా తేలిక. కొర్రమీను చెప్పింది నిజమే గానీ ఒక తిరకాసుంది. కాలితో గేర్లు అన్నావు కదా. ఐస్ ఫిషింగ్ బూట్లు ఎంత లావుంటాయో తెలుసుగా? ఆ బూట్లు వేసుకునే వెళ్లి గేర్లు మార్చి చూడు. స్నీకర్లతో చూసి కొన్న మిత్రుడు ఒకడు మొదటి ట్రిప్పంతా రెండో గేర్లోనే తిరిగొచ్చాడు.

బ్లేడుంది అంటే డ్రైవ్‌వే తోసిన బండి. అదేం పాపం కాదు, బురదలో ఆడిన బండికన్నా నయం. బ్లేడు బిగించిన చోట ఫ్రేము వంగిందా, వెల్డింగ్ చీలిందా అని కింద పడుకుని టార్చ్ వేసి చూడు. అదే చేత్తో నాలుగు చక్రాల దగ్గర ఇరుసు కీళ్లని కప్పే నల్ల రబ్బరు తొడుగులు, అంటే బూట్లు, చూడు. చిరిగితే చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటుంది. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. టకటకమంటే బేరింగో బాల్ జాయింటో పోయింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి అడుగున వేలు పెట్టు. సన్నటి ఒండ్రు తగిలితే ఆ బండి ఎప్పుడో మునిగి లేచింది, దణ్ణం పెట్టి వచ్చెయ్. ఆయిల్ పుల్ల తీసి చూడు, పాలు ఎక్కువైన టీ రంగుంటే లోపల నీళ్లున్నాయి. చలికాలం ఐదేసి నిమిషాలు స్టార్ట్ చేసి ఆపే బండ్లలో కూడా కొంచెం తెల్లగా కడుతుంది, అందుకే ఒక్క పుల్ల చూసి తీర్పు చెప్పకు, డిఫరెన్షియల్ ఆయిల్ కూడా చూడు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీ కళ్ల ముందు స్టార్ట్ చేయించు. నువ్వెళ్లేసరికి వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడని అనను, కానీ నీకు తెలియాల్సింది తెలియదు.

ఐసు సంగతి. ఇక్కడి డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) లెక్క ప్రకారం కొత్త, స్వచ్ఛమైన ఐసు మనిషి నడవడానికి 4 అంగుళాలు, చిన్న ఏటీవీకి 5 నుంచి 7, పక్కపక్కన కూర్చునే సైడ్-బై-సైడ్‌కి 7 నుంచి 8. తెల్లగా ఉండే ఐసైతే దీనికి రెట్టింపు కావాలి. నేను ఇంకో రెండు అంగుళాలు కలుపుకుంటా, ఎందుకంటే ఆ లెక్కలో నా స్లెడ్డు లేదు, నా పొట్టా లేదు. దారి పొడుగునా ఆగి ఆగి బెజ్జం కొట్టి కొలుచుకుంటూ పో. వాగు కలిసే చోట, ఊటల దగ్గర ఒక్క అడుగులో మందం మారిపోతుంది. బండి మునిగితే 30 రోజుల్లో తీయించే బాధ్యత నీదే.

కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది స్లష్‌లో. పైన మంచు బరువెక్కి ఐసుని కిందికి నొక్కుతుంది, పగుళ్లలోంచి నీళ్లు పైకొచ్చి మంచు కింద కనబడకుండా నిలుస్తాయి. పైకి తెల్లగా చక్కగా ఉంటుంది. చక్రం దిగిందంటే రాత్రికి బండి అక్కడే గడ్డకడుతుంది. ఒక్కడివే పోకు. ఐసు మీద ఎక్కువసేపు ఆపితే టైర్ల కింద చెక్కముక్కలు పెట్టు.

స్నోమొబైల్ కొనమని ఎవడో ఒకడు చెప్తాడు. మంచు లోతుగా ఉంటే అదే రాజు, ఒప్పుకుంటా. కానీ వట్టి ఐసు మీద దానికి చల్లదనం అందదు, వేడెక్కి మొరాయిస్తుంది.

చివరిగా కాగితాలు. నువ్వు 1987 జూలై 1 తర్వాత పుట్టినవాడివైతే గడ్డకట్టిన చెరువు మీద తోలడానికి కూడా ఏటీవీ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ కార్డు మీద నంబరూ ఫ్రేము మీద నంబరూ కలిశాకే డబ్బు చేతికివ్వు. పిల్లాడి సంగతి: నువ్వు చూసేవి ఒక్కరి సీటు బండ్లు, వెనక ఎక్కించుకోకు. ఇద్దరి కోసమే చేసినవి వేరే ఉన్నాయి, స్పోర్ట్స్‌మన్‌లో టూరింగ్ అని వస్తుంది. ఆ హెల్మెట్ మాత్రం కొనిపెట్టు, పాపం.

బెండు_మునిగింది:

పాత_రెంచి అన్నా, మీ పోస్టు ప్రింట్ తీసుకుని వెళ్లా. శనివారం రాంచర్ దగ్గరికి పోతే వాకిట్లో బండి పొగలు కక్కుతూ రెడీగా ఉంది. "నీ కోసమే వేడి చేశా" అన్నాడు పెద్దాయన. ఇంజిన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. "రేపు పొద్దున్నే ఏడింటికి వస్తా, అప్పటిదాకా ముట్టుకోకండి" అంటే ముఖం అదోలా పెట్టాడు గానీ ఒప్పుకున్నాడు.

ఆదివారం మైనస్ 6. మొదటిసారి పట్టలేదు. రెండోసారి దగ్గి దగ్గి పట్టుకుంది, నిమిషంలో సర్దుకుంది. ఎయిర్ డబ్బాలో ఒండ్రు లేదు, ఎండుటాకులు, ఒక ఎలుక గూడు ఉన్నాయి. కుడి ముందు చక్రం బూటు చిరిగింది, మీరన్నట్టే గ్రీజు చిమ్మి ఉంది. చూపించి 3,750కి తెగ్గొట్టా, బ్లేడుతో సహా. తాడు లేదు, జంప్ ప్యాక్ కొన్నా. లావు బూట్లతో గేరు నాలుగుసార్లు తప్పింది, ఐదోసారికి కాలికి తెలిసింది.

అక్కా, మీ మాట కూడా విన్నా. ఈ సీజన్‌లో రిసార్టు రోడ్డు దాటి పోనని ఇంట్లో మాటిచ్చాను. సర్టిఫికెట్ అయిపోయింది. వాడికి ఎర్ర హెల్మెట్ కొన్నాం, డ్రైవ్‌వేలో ఆగి ఉన్న బండి మీద పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఒకటే మిగిలింది. వెనక టైరు మీద 24×10-11 అని ఉంది. ఐసు మీద జారకుండా టైర్లకి వేసే గొలుసులు వెనక రెండిటికే చాలా, నాలుగిటికీ వేయాలా?

పాత_రెంచి:

వెనక రెండిటికి చాలు. ముందు చక్రాలకి వేస్తే హ్యాండిల్ తిప్పినప్పుడు బ్రేకు పైపుకి తగిలే ప్రమాదం ఉంది. ఆ సైజుకే తీసుకో. బిగించాక న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూసుకో. పది నిమిషాలు తోలి మళ్లీ బిగించు, మొదటిసారి తప్పకుండా వదులవుతాయి. గొలుసులున్నా వట్టి ఐసు మీద బ్రేకు ఒక్కసారిగా తొక్కకు, గేరు తగ్గించి ఆపు.

వాలై పడితే తల పారేయకు. రెండు బుగ్గల్లో చిన్న కండ ముక్కలుంటాయి, కత్తి కొనతో తీసుకో. పులుసులో వేస్తే ఆ రుచి చెప్పలేం.

పులుసు_స్పెషలిస్ట్:

బుగ్గలు పులుసులోనా! అవి వేపుడుకి, అన్నా. కొంచెం కారం, పసుపు, మూడు నిమిషాలు, అంతే.