ఐసోమెట్రిక్ బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచారు, నాలుగు ముక్కలు తుక్కయ్యాయి. తప్పెక్కడ?

ఆటోనగర్_కుర్రోడు:

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. నాన్న పెట్టింది. నేను డిప్లొమా అయ్యాక వచ్చి చేరి ఏడాదిన్నర. అప్పటిదాకా నాన్న ప్లేటు మీద సుద్దముక్కతో గీసి చెప్పేవాడు. నేనొచ్చాక ‘కంప్యూటర్లో గీసి ఇస్తా’ అని ఎగబడ్డా. పోయిన వారం పరువు పోయింది.

పని చిన్నదే. నాలుగు స్టాండ్లు. అడుగున 180 పొడుగు ఫ్లాటు (ఇనప పట్టీ, కొలతలన్నీ మిల్లీమీటర్లే), దాని నడిమధ్య 90 ఎత్తు నిలువు ఫ్లాటు, నిలువు కొసనుంచి అటూ ఇటూ అడుగు చివర్లకి ఏటవాలుగా రెండు సపోర్టులు. ఎదురుగా చూస్తే పాకకప్పు లాగా ఉంటది. ఎదురు, పై, పక్క అని మూడు వ్యూలు విడివిడిగా ఇస్తే మా వెల్డర్ బాబాయ్‌కి చిరాకు, ‘బొమ్మలాగా ఇవ్వరా’ అంటాడు. సరే అని మూడు పక్కలూ ఒకే బొమ్మలో కనిపించేలా ఐసోమెట్రిక్ గీసి, ఫుల్ సైజులో ఏ3 మీద ప్రింటు తీసి, గోడకి అంటించి బయటికెళ్ళా. అడుగుకీ నిలువుకీ కొలతలు రాశా. ఏటవాలు ముక్కకి రాయలా.

బాబాయ్ స్టీలు స్కేలు తీసి బొమ్మ మీదే కొలిచాడు. కుడిపక్కది 156, ఎడంపక్కది 90. నాలుగు అవి, నాలుగు ఇవి కోసి పెట్టాడు. ‘ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఏందిరా’ అని అనుమానం కూడా వచ్చిందంట. ‘చదువుకున్నోడు గీశాడు, ఏదో ఉండి ఉంటదిలే’ అని ఊరుకున్నాడంట. అసలు రెండూ 127 ఉండాలి. పొడుగువి కోసి సరిచేశాం, పొట్టివి తుక్కులో వేశాం.

కాలేజీలో ‘ఐసోమెట్రిక్ స్కేలు వాడలేదు’ అని ఒకసారి మార్కులు కోశారు. ఇది దానివల్లేనా? అయినా ఒకే కొలత ముక్కలు రెండు పొడుగుల్లో ఎట్లా వచ్చినయ్?

బ్రాడీపేట_మాస్టారు:

బాబూ, ముందు మీ బాబాయ్‌ని ఏమీ అనకు. ఆయనకి వచ్చిన అనుమానం సరైనదే.

గుంటూరులో నేను డ్రాయింగ్ చెప్పినన్నాళ్ళూ ఈ పాఠానికి పాచిక పట్టుకెళ్ళేవాణ్ణి. ఒంటికన్నుతో చూస్తూ, పాచిక మూల ఒకటి సూటిగా కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకో. దాని వెనక మూల సరిగ్గా దానిచాటుకి పోతుంది, మూడు ముఖాలు సమానంగా కనిపిస్తాయి, ముందు మూల నుంచి పోయే మూడు అంచులూ 120 డిగ్రీల ఎడంలో ఉంటాయి. ఆ అంచులన్నీ కాగితం తలానికి 35 డిగ్రీల 16 నిమిషాలు వాలి ఉన్నాయి కాబట్టి కురచగా కనిపిస్తాయి. 100 ఉన్నది 81.6. ఐసోమెట్రిక్ స్కేలంటే ఇంతే. మూడు వైపులా ఒకే పాళ్ళలో తగ్గుతోంది గదా, తగ్గించడం మానేసి ఉన్న కొలత పెట్టినా ఆకారం చెడదు, బొమ్మ 1.22 రెట్లు పెద్దదవుతుంది. తగ్గించి గీస్తే ప్రొజెక్షన్, తగ్గించకపోతే వ్యూ. ప్రశ్నలో ఏ మాట ఉందో చూసుకోకుండా గీసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు నా క్లాసులో ఏటా ఉండేవాళ్ళు.

ఇప్పుడు నీ సపోర్టుల సంగతి. ఐసోమెట్రిక్‌లో చతురస్రం రాంబస్ అయిపోతుంది. చతురస్రానికి కర్ణాలు రెండూ సమానం, రాంబస్‌కి ఒకటి సాగుతుంది, ఒకటి ముడుచుకుంటుంది. నీ ఏటవాలు ముక్కలు ఆ కర్ణాలే. భుజం 90 అయితే పొడుగు కర్ణం 90×1.732, అంటే 156. పొట్టిది సరిగ్గా 90. మీ బాబాయ్ కొలిచింది తుచ తప్పకుండా ఇదే.

తమాషా ఏంటంటే, ఐసోమెట్రిక్ స్కేలు వాడి తగ్గించి ఉంటే ఆ 156 కాస్తా 127 అయ్యేది. పొడుగు కర్ణం కాగితం తలానికి సమాంతరంగా ఉంటుంది, అందుకని అసలు పొడుగే పడుతుంది. కాబట్టి మీ సారు కోసిన మార్కుల్లో సగం న్యాయం ఉంది. ఎడంపక్కది మాత్రం అప్పుడు 73.5కి దిగేది, ఇంకా ఘోరం.

మూడు అక్షాల వెంబడి ఉన్న గీతల్నే కొలవొచ్చు. మిగిలినవాటికి చివర్లు అక్షాల మీద గుర్తించి కలపడమే. ముందు వస్తువు పట్టే పెట్టె గీసి, దాని అంచుల మీద కొలతలు గుర్తించే బాక్స్ పద్ధతిని క్లాసులో చెప్పేది అందుకే. గోళం ఇంకో గుంట. 50 బంతిని వ్యూలో 50 వృత్తంగా గీస్తే దిమ్మ మీద గోలీకాయలా ఉంటుంది, 61 గీయాలి. ప్రొజెక్షన్‌లో అయితే 50కి 50.

ఈ పద్ధతిని 1822లో రాసి అచ్చేయించినాయన విలియం ఫారిష్, కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు. పాఠం కోసం యంత్రాల నమూనాలు విడి ముక్కల నుంచి బిగించుకునేవాడు. పాఠం అయ్యాక విప్పేసేవాళ్ళు. ఏ ముక్క ఎక్కడ తగిలించాలో సహాయకులకి తెలియడానికి ఈ బొమ్మలు గీశాడు. బిగించడానికి పుట్టిన బొమ్మతో మీరు కటింగ్ చేశారు!

గసెట్_ప్లేటు:

తమ్ముడూ, మాస్టారు చెప్పింది రైటే గానీ రేప్పొద్దున షెడ్డులో ఏం ఇస్తావు? నేనైతే క్యాబినెట్ అనే పద్ధతిలో గీస్తా. పాకకప్పులాగా కనిపించే ముఖాన్ని ఉన్నదున్నట్టు ఎదురుగా పెట్టు. అప్పుడు 90 తొంభయ్యే, సపోర్టులు రెండూ 127కే వస్తయ్, బోల్టు హోలు ఉంటే గుండ్రంగానే ఉంటది, దీర్ఘవృత్తాలతో కుస్తీ ఉండదు. ఫ్లాటు వెడల్పు మాత్రం 45 డిగ్రీల్లో వెనక్కి లాగి, సగం పెట్టు. పూర్తి పెడితే అది కావలియర్, బీరువా గీస్తే గూడ్సు పెట్టెలాగా సాగిపోయి కనిపిస్తది. వెనక్కిపోయే గీత మీద కొలత అంకె రాయడం మర్చిపోమాకు, లేకపోతే బాబాయ్ అక్కడ కూడా స్కేలు పెట్టి సగం కోస్తాడు.

ఏటవాలూ గుండ్రాలూ ఒకే ముఖం మీద ఉంటే ఇది. మూడు పక్కలా పనుంటే ఐసోమెట్రిక్కే నయం.

డిప్లొమా_సెకండియర్:

అన్నా, నువ్వు ఆటోక్యాడ్‌లో ఐసో స్నాప్ (ఐసోమెట్రిక్ అక్షాల వెంబడి గీతలు గీయించే సెట్టింగు) పెట్టి గీశావా, 3డీ మోడల్ తిప్పి ప్రింటు తీశావా? 3డీ అయితే నిలువు ఫ్లాటు కూడా 73.5 రావాలిగా. ఇంకోటి, పర్‌స్పెక్టివ్ (దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించే బొమ్మ) అయితే అన్నిటికన్నా సహజంగా ఉంటుంది కదా, అది ఇవ్వకూడదా?

బ్రాడీపేట_మాస్టారు:

మొదటి ప్రశ్న బాగుంది నాయనా, 156 వచ్చిందంటే ఐసో స్నాప్ అయ్యుంటుంది. రెండోదానికి, ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి సీతానగరం వైపు చూడు. రెయిలింగు గడులన్నీ ఒకటే కొలత, కనిపించడంలో ఏ రెండూ ఒకటి కాదు. ఇల్లు కట్టించుకునేవాళ్ళకి చూపించడానికి అది. వెల్డర్‌కి ఇచ్చావో, అయిపోయావు.

ఆటోనగర్_కుర్రోడు:

ఐసో స్నాపే తమ్ముడూ, ఎఫ్5తో ముఖం మార్చుకుంటా గీశా.

మాస్టారూ, అన్నా, నిన్న క్యాబినెట్‌లో గీసి నాన్నకి చూపించా. కాసేపు చూసి, పక్కనున్న ప్లేటు మీద సుద్దముక్కతో అదే స్టాండు గీశాడు. ఎదురుముఖం తిన్నగా, వెడల్పు ఏటవాలుగా కాస్త కురచగా. ‘ఇన్నేళ్ళూ నేను గీసేది ఏంది మరి’ అన్నాడు. నిజమే, ఆ బొమ్మకి పేరుందని ఆయనకి తెలీదు, ఆయన గీసేది అదేనని నేను ఎప్పుడూ చూడలేదు.

కొత్త ప్రింటులో సపోర్టుల మీద 127 అని ఎర్రగా రాశా. బాబాయ్ అది చదివి, అయినా స్కేలు తీసి రెండు పక్కలా పెట్టి చూసుకున్నాకే కటింగ్ మిషను ఆన్ చేశాడు.