సమస్య: నిప్పు పాలు గుడిచి నిదురపోయె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. నిప్పు పాలు తాగడమేమిటి, నిద్రపోవడమేమిటి అని కంగారుపడకండి. కోరంగి మడ అడవుల్లో నీటికుక్కలు గుంపులుగా తిరగడం చూశాక నాకు వచ్చిన ఊహ ఇది. మన గోదావరి లంకల్లో సాధు డ్రాగన్లు ఉన్నాయనుకోండి. అవి ఒంటరిగా ఉండలేవు. గొంతులో నిప్పున్నా ఎవరినీ కాల్చవు, చలిరాత్రి పిల్లల్ని వెచ్చగా ఉంచడానికే ఆ నిప్పు. ఒక తల్లి చేపల వేటకు వెళితే గుంపులోని మిగతా తల్లులు దాని పిల్లకు పాలిస్తాయి. వాటి బతుకు కనబడేలా ముందు మూడు పాదాలూ రాసి పూరించండి.

రాజోలు సభ్యుడు:

వరద రాత్రి గట్టు పైకెక్కి వణకెడి
పిల్ల డ్రాగనునకు పెద్దలెల్ల
కొబ్బరాకు పఱచి కొబ్బరిపాలీయ
నిప్పు పాలు గుడిచి నిదురపోయె

ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రి, మేం పశువులతో సహా గట్టెక్కాం. తడిసిన లేగదూడ ఒకటి మా అమ్మ చీరకొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిలబడింది. అదే గుర్తొచ్చి రాశానండి.

నిర్వాహకుడు: గణాలు, అంటే పొట్టి పొడుగు అక్షరాల కొలతలు, కుదిరాయి. మొదటి పాదంలో వ–పై యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, చెల్లుతుంది. ‘పిల్ల డ్రాగను’లో ‘డ్రా’ వేరే మాటకు మొదటి అక్షరం, కాబట్టి ముందున్న ‘ల్ల’ లఘువుగానే (పొట్టి అక్షరంగానే) ఉంటుంది. ఇబ్బందల్లా మూడో పాదంతోనే. అక్కడ కొబ్బరిపాలు అన్నాక సమస్యలో మళ్ళీ పాలు వస్తున్నాయి. ‘కొబ్బరాకు పఱచి కొసరుచు నందీయ’ అంటే ఆ పునరుక్తి పోతుంది, పెద్దల ఆపేక్షా కనబడుతుంది. ఇంతకీ ఆ పెద్దలు మనుషులా, డ్రాగన్లా?

రాజోలు సభ్యుడు: ఇద్దరూనండి. వరద రాత్రి గట్టు మీద వేరుగా ఎవరుంటారు? ‘కొసరుచు’ బాగుంది, మార్చేస్తాను.

యానాం మాస్టారు:

కూన గొంతులోన కొలువుండు నదియేది?
పిన్నులిచ్చునేమి బెంగ దీర?
తల్లి వచ్చుదాక తానేమి చేసెను?
నిప్పు, పాలు, గుడిచి నిదురపోయె

నిర్వాహకుడు: క్రమాలంకారం! మూడు ప్రశ్నలకూ జవాబు సమస్యలోనే వరసగా దొరికింది. ఈ పద్ధతిలో చాలా పూరణలు లెక్క సరిపెట్టి ఊరుకుంటాయి, ప్రాణం ఉండదు. ఇక్కడ ‘పిన్నులు’ అన్న ఒక్క మాట ప్రాణం పోసింది. పాలిచ్చేవి ‘ఇతర డ్రాగన్లు’ అని మాస్టారు అనలేదు, చుట్టరికం కలిపేశారు. ఆ గుంపు ఎలా బతుకుతుందో మనకు ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే.

అమలాపురం అక్కయ్యగారు:

మడల నడుమ రేయి మంచులో గుంపుగా
ఒకటి నొకటి తాకి యొదిగినంత
అమ్మ రెక్క కింద తలదాచుకున్నట్టి
నిప్పు పాలు గుడిచి నిదురపోయె

మూడో పాదం దగ్గర టెన్షన్‌గా ఉంది, చూసి చెప్పండి.

నిర్వాహకుడు: అక్కయ్యగారూ, మీ అనుమానం నిజమే. గణాలు సరిపోయాయి గానీ ‘అ’కూ ‘త’కూ యతి కుదరదు. ‘ఒకటి నొకటి తాకి యొదిగినంత’ మాత్రం అద్భుతం. చలికి అవన్నీ దగ్గరగా జరిగి పడుకోవడం కళ్ళకు కట్టింది.

యానాం మాస్టారు: అమ్మా, ‘అమ్మ’ తీసేసి ‘తల్లి’ పెట్టండి. ‘తల్లి రెక్క కింద తలదాచుకున్నట్టి’. త–త యతి కుదురుతుంది, ఇంకేమీ కదపక్కర్లేదు.

అమలాపురం అక్కయ్యగారు: ఆయ్, కుదిరింది మాస్టారూ. ‘అమ్మ’ అన్న పిలుపు వదులుకోవడానికే మనసొప్పలేదు. రాత్రి మా మనవరాలికి పాడి వినిపించాను. “తల్లి రెక్క అంటే అమ్మ రెక్కేగా అమ్మమ్మా” అంది. అలాగే ఉంచుతున్నాను.