ఏప్రిల్ ఎండకి టమాటా పూత రాలిపోతోంది, కుండీల్లో ఇప్పుడు ఏం వేయాలి?

బల్లార్షా డాబా తోట:
అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా, డాబా మీద నల్ల గ్రో బ్యాగుల్లో టమాటా, కుండీల్లో కొత్తిమీర, పుదీనా వేశాను. టమాటా ఏపుగా పెరిగింది, పూత కూడా బాగా వస్తోంది, కానీ కాడతో సహా రాలిపోతోంది, ఒక్క పిందె నిలవడం లేదు. కొత్తిమీర జానెడు కూడా పెరగకముందే పూతకొచ్చేసింది. మధ్యాహ్నం కూడా నీళ్లు పోస్తున్నా ఆకులు వాడిపోతున్నాయి. విత్తనాల షాపులో యూరియా వేయమన్నారు, వేయమంటారా? మా అత్తమ్మకి ఇంట్లో కాసిన టమాటాతో పప్పు చేసి పెట్టాలని ఆశ, అందుకే టెన్షన్.

చంద్రపూర్ మిద్దె:
అక్కా, యూరియా అస్సలు వద్దు, ఈ ఎండలో కుండీలో వేస్తే వేళ్లు మాడతాయి, పైగా ఆకు పెరుగుతుందే తప్ప కాయ రాదు. మీ మొక్కకి రోగం లేదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. మన దగ్గర మే నెలలో 45 కూడా దాటుతుంది కదా. నల్ల బ్యాగు నేరుగా స్లాబ్ మీద ఉంటే వేళ్లు ఉడికిపోతాయి, ఇటుకల మీద పెట్టి చుట్టూ తడి గోనెసంచి కట్టండి, మట్టి మీద ఎండు ఆకులు పరవండి. ఇంకో సంగతి, డాబా మీది ట్యాంకు నీళ్లు సాయంత్రానికి వేడిగా ఉంటాయి, పైపుతో నేరుగా పోయకుండా బకెట్లలో పట్టి చల్లారాక పోయండి. మన బొగ్గు గనుల దుమ్ము ఆకుల మీద పేరుకుంటే పొద్దున్నే నీళ్లు చల్లి కడగండి. నేనైతే టమాటా తీసేసి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర వేస్తాను, ఇవి ఎండకి తట్టుకుంటాయి.

సిరోంచ పెరడు:
తీసేయొద్దు అక్కా! ఆకులు ముడత పడి మొక్క గిడసబారితే వైరస్ కావచ్చు, అలాంటివి మాత్రం పీకేయండి. కాండం పచ్చగా ఉంటే పైన కొంచెం కత్తిరించి, మధ్యాహ్నం తర్వాత గోడ నీడ పడే చోటికి జరపండి. వానలు మొదలై చల్లబడితే కొత్త చిగుళ్లకి పూత నిలుస్తుంది. పప్పుకి సరిపడా టమాటా కావాలంటే మాత్రం వానల చివర్లో నారు పోసుకోండి, చలికాలమంతా కాస్తుంది. కొత్తిమీర ఎండకి తొందరగా పూతకి వస్తుంది, నీడలో కొంచెం కొంచెంగా చల్లుకుని లేతగా ఉన్నప్పుడే కోసుకోండి. పుదీనాకి వెడల్పు తొట్టి, పొద్దుటి ఎండ చాలు.

బరంపురం మొక్కలు:
మాది గోపాల్‌పూర్ సముద్రం పక్కన, మీకు వేడి, మాకు ఉక్కపోత, వానల్లో వేరుకుళ్లు. అందుకే మట్టి, మాగిన పేడ ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సమానంగా కలిపి, కుండీ అడుగున రంధ్రాలు మూసుకోకుండా చూసుకుంటాను. మీ దగ్గరా జూన్‌లో వానలు మొదలవగానే ఆ రంధ్రాలు చూసుకోండి.

బల్లార్షా డాబా తోట:
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. సగం మొక్కలు ఉంచుతాను, మిగతా బ్యాగుల్లో బెండ, తోటకూర. ఎండ తగ్గించడానికి పైన గ్రీన్ నెట్ కడదామనుకుంటున్నా, ఎంత శాతం నీడనిచ్చేది కొనాలి?

చంద్రపూర్ మిద్దె:
50 శాతంది చాలు అక్కా. 75, 90 శాతం నెట్ కింద వెలుతురు చాలక బెండ సన్నగా సాగిపోతుంది. మొక్కలకి ఆనకుండా ఎత్తుగా, గట్టిగా కట్టండి, వానకి ముందు వచ్చే గాలిదుమారం మామూలుగా ఉండదు.